సైమన్‌కి ఒక ఫిల్టరు

భస్మ బుధవారం ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చేసరికి, మా క్వార్టరు మెట్ల మీద నలుగురు మనుషులు ఒక పొడవాటి గాజు తొట్టిని శవపేటిక మోసినట్టు మోసుకెళ్తున్నారు.

"ఎవుడు పోయినాడ్రా?" అంది మా అత్త ఎమిలీ, మెట్ల కిందే నిలబడిపోయి.

"ఎవుడూ పోనేదు ఆంటీ. వచ్చినాడు," పైనుంచి నవ్వాడు రాబిన్.

వచ్చినవాడు నీళ్ళ డ్రమ్ములో ఉన్నాడు. మూరెడు పొడవు, వెండి రేకులాంటి ఒళ్ళు, మూతి దగ్గర రెండు మీసాలు. అరోవానా చేప. పేరు సైమన్. హెన్రీ గారి చేప.

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో హెన్రీ గారిని ఎరగనివాళ్ళు లేరు. రైల్వే పాత ఇనుము వేలంలో ఆయన పాడిందే పాట. క్రిస్మస్‌కి దుప్పట్లు పంచేదీ ఆయనే, కాళ్ళు విరగ్గొట్టించేదీ ఆయనే అంటారు. పోయిన చలికాలం మా అత్తకి గుండె ఆపరేషన్ అయినప్పుడు కలకత్తా ఆసుపత్రిలో మంచం దొరికినా, రక్తం దొరికినా ఆయన చేసిన ఒక్క ఫోను వల్లే. ఇప్పుడు ఆయన కిడ్నీల వైద్యానికి వెల్లూరు వెళ్ళారు. తిరిగొచ్చేదాకా సైమన్ మా ఇంట్లో ఉంటాడట.

"బైబిల్లో చేపలు పట్టినోడి పేరు చేపకెట్టినాడా! తెలివే తెలివి," అంది అత్త. అని, గుండె మీద కుట్లు తడుముకుని ఊరుకుంది.

తొట్టి ముందుగదిలో పెడతారనుకున్నాను. హెన్రీ గారి దగ్గర పనిచేసే రాబిన్ తిన్నగా వెనక గదికి నడిచాడు. అది ఒకప్పుడు వరండా. ఎప్పుడో గోడ లేపి గది చేశారు. దానికి పడమటి వైపు పెద్ద కిటికీ. కిటికీ కింద నా కుట్టుమిషను.

"వదినా, మిషను జరుపు."

"నాకు వెలుతురు వచ్చేది అక్కడే. జాకెట్లు కుట్టుకోవద్దేటి?"

"సైమన్‌కీ వెలుతురు కావాలి."

నా భర్త సిరిల్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అతనూ రాబిన్ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. వాడికి ఏదో ఒకటి చెబుతాడని సిరిల్ వైపు చూశాను. అతను నా వైపు చూడకుండా వంగి, మిషను రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి రాబిన్ రోజూ వచ్చేవాడు. కాలనీ కుళాయిల్లో సాయంత్రం నీళ్ళు వదిలే వేళకి మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు. తొట్టిలో సగం నీళ్ళు పైపుతో లాగేసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పోసేవాడు. బ్లీచింగ్ వాసన పోవాలంటే నీళ్ళు ఒకరోజు నిలవుండాలి కనక, మర్నాటి కోసం మళ్ళీ డ్రమ్ములు నింపేవాడు. అరగంట పని. వాడు మాత్రం చీకటి బాగా పడేదాకా కదిలేవాడు కాదు. సిగరెట్ వెలిగించుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. చేతిలో తొట్టి దీపం రిమోటు. మామూలుగా తెల్ల దీపం. ఉన్నట్టుండి ఒక్కోసారి నీలం చేసేవాడు.

"ఇదేటి?" అని అడిగాను.

"చేపకి చిరాగ్గా ఉంటే నీలం వెయ్యాలి వదినా. సల్లబడతాది."

మా స్నానాల గదికి దారి ఆ వెనక గదిలోంచే. సాయంత్రమైతే ఇంట్లో ఆడవాళ్ళం తువ్వాళ్ళు భుజాన వేసుకుని వాడెప్పుడు వెళతాడా అని కూర్చునేవాళ్ళం.

"నా ఇంట్లో నాను స్నానానికి ఎల్లాలంటే ఈడి లైను క్లియరేటి?" అని అత్త పళ్ళు నూరేది.

ఈస్టరుకి ముందు నలభై రోజుల లెంటులో, శ్రమల దినాల్లో, మా వాళ్ళు వారానికో ఇంట్లో సాయంకాలం ప్రార్థన పెట్టుకుంటారు. మా వంతు వచ్చింది. రాబిన్ ఒప్పుకోలేదు. "పదిమంది పాటలు పాడితే సైమన్ బెదిరిపోతాడు. ఎగిరి మూతకి గుద్దుకుంటే హెన్రీ గారికి మీరే సెప్పుకోండి."

అత్త పాస్టర్ గారికి ఒంట్లో బాగోలేదని కబురు పెట్టింది. శ్రమల దినాల్లో అబద్ధం ఆడించాడని రాబిన్‌ని ఆరోజు నుంచి పేరు పెట్టి పిలవడం మానేసింది. "ఆ తొట్టోడు" అనేది.

వీణ్ణి వదిలించుకోవడానికి నాకు ఒకటే దారి తోచింది. రోజూ నీళ్ళు మార్చే పని ఉండబట్టే కదా వస్తున్నాడు? మంచి ఫిల్టరు ఉంటే ఆ పని ఉండదు. గోల్‌బజార్‌లో చేపల సరంజామా అమ్మే బెంగాలీ బాపీదా దగ్గరికి వెళ్ళాను.

"ఇప్పుడేం ఉంది బౌదీ?" అన్నాడు.

"స్పాంజి. గాలి బుడగలు వస్తాయి."

"ఎంత పెద్ద మాఛ్, చేప?"

చేతులు చాపి చూపించాను. అతను నవ్వాడు. "ఏనుక్కి పాలపీక ఇచ్చారు. అది చిన్న చిన్న చేపలకి. మీ చేప తింటాది, తిన్నదంతా నీళ్ళల్లోనే వదుల్తాది. ఆ నీళ్ళే మళ్ళీ పీలుస్తాది. విషం."

మొదట తొట్టి అంచుకి తగిలించే ఫిల్టరు తెచ్చాను. రాబిన్ చూసి ఊడదీశాడు. "చప్పుడు. సైమన్‌కి పడదు."

"చప్పుడు లేనిదీ ఉందట. డబ్బాలా ఉంటాది, తొట్టి కింద పెడతారు."

"లీకైతే? కింద స్వర్ణకుమారి ఇంట్లో వానొస్తాది."

"హెన్రీ గారి చేప కదా రాబిన్, ఆయన ఒద్దంటారా?"

వాడు సిగరెట్ కిటికీలోంచి విసిరేశాడు. "రోజూ నాను వస్తన్నాను కదా వదినా. ఇంకేటి ఫిల్టరు? నానే ఫిల్టరు."

అక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. యజమాని ప్రాణంలా చూసుకునే చేప. దానికి మంచి ఫిల్టరు ఒద్దని, రోజూ బాల్చీలు మోస్తానని పట్టుబట్టే పనివాడు. అంత కష్టపడే మనిషి కాదు రాబిన్. బడిలో నల్లబల్ల తుడవమంటే కడుపునొప్పి అనేవాడని సిరిలే చెప్పేవాడు.

లెంటు సగం గడిచింది. ఆరోజు రాబిన్ రావడం ఆలస్యమైంది. నేను వంటింట్లో ఉన్నాను. వెనక గదిలోకి వచ్చి చూస్తే గోడలన్నీ ఊదా రంగులో ఉన్నాయి. అత్త కుర్చీలో కూర్చుని, చేతిలో రిమోటు పట్టుకుని, తొట్టిని చూసి మురిసిపోతోంది.

"ఏటత్తా ఇది?"

"బొత్తాం అదిమిపెట్టి ఉంచితే ఈ రంగొచ్చినాది. బాగునేదా? చర్చిలో బల్ల మీద ఊదా గుడ్డ ఏసినారు కాదేటి? సైమన్ అని పేరెట్టుకున్నాక ఈడికీ లెంటే."

నేను నవ్వుతుండగానే మెట్ల మీద పరుగు చప్పుడు. రాబిన్ లోపలికి దూసుకొచ్చాడు. చొక్కా తడిసిపోయింది.

"ఎవరు నీలం ఏసినారు?"

"నీలం కాదురా తొట్టోడా, ఊదా. నీకు రంగులు కూడా తెలవ్వేటి?"

వాడు అత్త చేతిలోంచి రిమోటు లాక్కున్నాడు. దీపం తెల్లగా మారింది. కిటికీ ఊచలకి మొహం ఆనించి బయటికి చూస్తూ బూతు మాట అన్నాడు. మా ఇంట్లో అలాంటి మాట ఎవరూ అనరు. వాడి భుజం మీంచి నేనూ చూశాను.

కిటికీ కింద కంప. కంప అవతల పాత సైడింగు, అందులో పనికిరాని వ్యాగన్ల వరస. వాటి పక్కన నేల మీద గోనెసంచులు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. ఒక సంచిలోంచి రాగి తీగ మసకవెలుతురులో మెరుస్తోంది. పగిలిన ప్రహరీ కంతలోంచి ముగ్గురు మనుషులు పరిగెడుతున్నారు. వాళ్ళని తరిమేవాడు ఎవడూ లేడు. మా అత్త ఊదా రంగు తప్ప.

అదే కిటికీలోంచి ఎడంవైపు చూస్తే ఆర్పీఎఫ్ రైల్వే పోలీసుల జీపు వచ్చే రోడ్డు, మలుపు దాకా కనబడుతుంది. తెలుపంటే పని కానివ్వండని. నీలమంటే పారిపొండని.

రాబిన్ వెనక్కి తిరిగాడు. నేను చూశానని కనిపెట్టాడు. గొంతు చాలా మెత్తగా వచ్చింది.

"వదినా, నీ కళ్ళు మిషను మీదుంటేనే మంచిది. ఈ క్వార్టరు సిరిల్ పేరున ఉంది. ఈ దీపం సిరిల్ ఇంట్లోది."

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక సిరిల్‌ని డాబా మీదికి తీసుకెళ్ళాను. చెప్పాల్సినదంతా చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. ఆరేసిన దుప్పటి మడత సరిచేస్తూ నిలబడ్డాడు.

"నీకు తెలుసు," అన్నాను.

"మా కిటికీలోంచి సైడింగు కనబడతాదని నానే సెప్పినాను. ఊరికే, మాటల్లో. తర్వాత తొట్టి వచ్చినాది."

"ఫోన్లు లేవేటి వాళ్ళకి? దీపాలెందుకు?"

"పోయినేడు ఫోన్లు సూసే పట్టుకున్నారు. దీపాన్ని ఎవుడు పట్టుకుంటాడు?"

"మనల్ని పట్టుకుంటారు."

"తెలుసు."

"మరి తీసెయ్యమని చెప్పు."

"అమ్మ మంచం మీదున్నప్పుడు హెన్రీ గారి కాళ్ళు పట్టుకున్నది నాను షైనీ. ఆయన మనిషితో ఏటని సెప్పను?" దుప్పటి వదిలేశాడు. "చేప ఉన్నంతకాలం ఈడొస్తాడు. చేప సచ్చిపోతే ఆయనొస్తాడు."

కింద స్వర్ణకుమారి గారు ఆరోజే మెట్ల దగ్గర నన్ను ఆపింది. జీపాయన ఒకరు దిగి, పైన ఆ రంగు దీపమేమిటని అడిగాడట. "పెళ్ళేమో అన్నానమ్మా. శ్రమల దినాల్లో పెళ్ళేటని తర్వాత నాకే నవ్వొచ్చింది," అంది. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది, సిరిల్ లోపలికి పోతాడు. కుట్లు పడ్డ గుండెతో అత్త అది చూస్తుంది.

ఆ రాత్రి ఏమీ చెయ్యలేదు. మర్నాడు సైమన్‌ని చూస్తూ కూర్చున్నాను. ఏప్రిల్ ఎండ మధ్యాహ్నం నుంచి తిన్నగా తొట్టి మీదే పడుతోంది. నీళ్ళు పచ్చబడుతున్నాయి. వాడి మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. ఒక కొస నుంచి రెండో కొసకి ఈది, తోక తిప్పడానికి చోటు చాలక వంకరపోయి, మళ్ళీ వెనక్కి. నన్ను నేను చూసుకున్నట్టే ఉంది.

లేచి మళ్ళీ గోల్‌బజార్ వెళ్ళాను. ఈసారి ప్రశ్న మార్చాను.

"బాపీదా, కిటికీ దగ్గర పెట్టడానికి వీల్లేని ఫిల్టరు ఏదన్నా ఉందా?"

అతను నా మొహంలోకి చూశాడు. ఖరగ్‌పూర్‌లో వ్యాపారం చేసేవాడు ప్రశ్నకి ప్రశ్న వెయ్యడు. గల్లా పక్కన ఉన్న పెద్ద తొట్టి కింద తలుపు తీసి చూపించాడు. లోపల ఇంకో తొట్టి, అరలు అరలుగా. పైతొట్టి నీళ్ళు పైపులోంచి కిందికి దిగి, దూదిలోంచి, స్పాంజిలోంచి, పింగాణీ ముక్కల్లోంచి పోయి, చివరి అరలో ఉన్న మోటారు వల్ల మళ్ళీ పైకి ఎక్కుతున్నాయి. సెలయేరు చప్పుడు.

"సంప్ అంటారు. మీ మాఛ్‌కి ఇదే కరెక్ట్. పై దూది వారానికోసారి మీరే మార్చుకోవచ్చు. లోపలంతా నెలకోసారి కడిగితే చాలు. కానీ నేల లెవెల్ ఉండాలి బౌదీ. వాలుంటే ఒక పక్క నిండి పొర్లుతాది. ఎండ కూడా ఉండకూడదు."

ఇంటికొచ్చి వెనక గదిలో నేల మీద నిమ్మకాయ పెట్టాను. పాత వరండా కదా, వాననీళ్ళు పోవడానికి వాలుగా కట్టారు. నిమ్మకాయ దొర్లుకుంటూ వెళ్ళి కిటికీ కింద తూము దగ్గర ఆగింది. ముందుగదిలో లోపలి గోడ పక్కన పెట్టాను. కదల్లేదు.

ఇక ఒక్క మనిషి, హెన్రీ గారు, అవునంటే చాలు. ఆ మనిషికి ఈ కిటికీ సంగతి తెలుసో తెలీదో నాకు తెలీదు. తెలియకపోతే మేం బతికాం. తెలిసుంటే, మాకు తెలుసని మేమే చెప్పుకున్నట్టు.

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం మధ్యాహ్నం. సిరిల్ డ్యూటీలో ఉన్నాడు. అత్త చర్చిలో ఇచ్చిన ఈతమట్టని శిలువలా మడుస్తోంది. ఆపరేషన్ నాటి హెన్రీ గారి నంబరు నా ఫోన్‌లో ఉంది. వీడియో కాల్ చేశాను.

హెన్రీ గారు చిక్కిపోయారు. దిండుకి ఆనుకుని ఉన్నారు.

"సిరిల్ భార్యనండి. షైనీని. సైమన్‌కి బాగులేదండి."

తొట్టి వైపు ఫోను తిప్పాను. పచ్చనీళ్ళు, కొట్టుకునే మొప్పలు చూపించాను. ఆయన గొంతు పెద్దాయన గొంతులా లేదు. పిల్లాడికి జ్వరమొస్తే తండ్రి పలికినట్టు పలికింది.

"ఓరి నా తండ్రీ. ఏటైపోయినాడు ఈడు? నాకు పంపిన వీడియోలో బాగున్నాడే."

"ఎండ అండి. మధ్యాహ్నం నుంచి తిన్నగా పడతాది. స్పాంజి చాలట్లేదు. రాబిన్ రోజూ నీళ్ళు మారుస్తన్నాడు గానీ..."

"ఎండేటి? ఎక్కణ్ణుంచి?"

"కిటికీలోంచండి."

"కిటికీ కాడ ఎవుడెట్టినాడు?"

"రాబిన్ అండి."

నర్సు కాబోలు ఎవరో ఏదో అంటే చెయ్యి ఊపి పంపేశారు. మళ్ళీ ఫోన్‌లోకి చూసినప్పుడు ఆయన కళ్ళు చేప కోసం వెతకడం లేదు. నా కోసం వెతుకుతున్నాయి.

"ఫోను నీ వైపు తిప్పమ్మా."

తిప్పాను.

"నీకేటి కావాలి?"

సైమన్‌కి ఏం కావాలని అడగలేదు.

"సంప్ ఫిల్టరు కావాలండి. వెనక గది నేల వాలు, అక్కడ కుదరదు. ముందుగదిలో లోపలి గోడ పక్కన పెట్టాలి. నెలకోసారి కడిగితే చాలంట, నేనే కడుగుతాను. ఎవరూ రోజూ రానక్కర్లేదు."

"ఎవరూ?"

"ఎవరూనండి."

అత్త చేతిలో మట్ట ఆగిపోయింది. ఫోన్‌లోంచి చిన్న నవ్వు వినబడింది.

"నువ్వు ఫోన్ సేసినట్టు సిరిల్‌కి తెలుసా?"

"తెలీదండి."

"మంచిది. తొట్టోడు... అదే, రాబిన్ వచ్చినాక నాకు కలుపు."

ఆ మాట ఆయన నోట వినగానే అత్త నా వైపు చూసింది, నేను అత్త వైపు. కాలనీలో మాటలు పాకుతాయి, ఏదో పాకి వెల్లూరు చేరిందనుకుని సరిపెట్టుకున్నాను.

సాయంత్రం రాబిన్ వచ్చాడు. ఫోను చేతికిచ్చాను. వాడు "అన్నా" అన్నాడు. తర్వాత ఫోనుని చెవికి గట్టిగా అదుముకుని విన్నాడు. "అలాగే అన్నా" అని ఫోను నాకు తిరిగిచ్చేశాడు.

మర్నాడు బాపీదా మనుషులు స్టాండూ, కింది తొట్టీ, పైపులూ తెచ్చి ముందుగదిలో బిగించారు. వెనక గదిలోంచి గాజు తొట్టిని ముందుగదికి మోసింది మాత్రం రాబినే, ఆ నలుగురితో. గుమ్మం దగ్గర వేళ్ళు నలిగాయి. అబ్బా అని కూడా అనలేదు.

"మెల్లగారా, అది చేప ఇల్లు," అంది అత్త.

వెళ్తూ నా దగ్గర ఆగాడు. "ఫిల్టరు బాగా ఎంచుకున్నావు వదినా," అన్నాడు. అందులో బెదిరింపు లేదు. అది లేకపోవడమే నన్ను భయపెట్టింది. ఆ తర్వాత వాణ్ణి ట్రాఫిక్ కాలనీలో ఎవరూ చూడలేదు. టాటానగర్ వెళ్ళాడని కొందరన్నారు. వాళ్ళమ్మ మాత్రం ఇంకా వాడి కోసం గుమ్మంలోనే కూర్చుంటోంది.

ఆ వారమే సిరిల్, నేను కలిసి బీరువాని నెట్టుకెళ్ళి వెనక గది కిటికీకి అడ్డంగా పెట్టాం. నేను ఫోన్ చేసిన సంగతి అప్పుడే చెప్పాను. అతను బీరువా ఇంకో జానెడు జరిపి, వెలుతురు గీత కూడా లేకుండా చూశాడు.

ఈస్టరు ఆరాధన అయ్యాక మా మెట్ల కింద కారు ఆగింది. హెన్రీ గారు కర్ర ఊతంతో, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకొచ్చారు. అంతకుముందు ఆయన మా గడప తొక్కలేదు. అత్త కేకు కోసి పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సైమన్ వచ్చి గాజుకి మూతి ఆనించాడు. ఆయన అవతల వేలు పెట్టి ఉంచారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆయన ప్రేమలో దొంగతనం లేదు, అది ఒప్పుకోవాలి.

"నాకు మందులు ఇంకా శానాళ్ళు వాడాలంట. ఈడు ఇక్కడే ఉంటాడు. ఈ ఇల్లు పడినాది ఈడికి," అన్నారు.

అడగలేదు. చెప్పారు. సిరిల్ తలూపాడు.

లేచి, చేతులు కడుక్కుంటానని వెనక గది వైపు నడిచారు. దారి ఎవరూ చూపించలేదు. నేను వెనకే వెళ్ళాను. బీరువా ముందు ఆగి, కర్రతో దాని మీద రెండుసార్లు తట్టారు.

"గాలాడదు కదమ్మా నీకు."

"అలవాటైపోయిందండి."

"మిషను?"

"లైటు వేసుకుని కుట్టుకుంటానండి."

"అంతే. ఎవురి పని ఆళ్ళు సేసుకోవాలి." వెనక్కి తిరుగుతూ, గుమ్మంలో నిలబడ్డ మా అత్తతో నవ్వుతూ అన్నారు. "లెంటు అయిపోయినాది కదా ఎమిలమ్మా. ఇంక ఆ ఊదా దీపం అక్కర్నేదు. ఈస్టరుకి తెలుపు."

నేను ఫోన్‌లో ఎండ గురించి చెప్పాను, నేల వాలు గురించి చెప్పాను. దీపం మాట ఎత్తలేదు.

అత్త చెయ్యి గుండె మీద కుట్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగిపోయారు.

సైమన్ ఇంకో జానెడు పెరిగాడు. వారానికోసారి దూది మారుస్తాను, నెలకోసారి కింది తొట్టి అంతా కడుగుతాను, పింగాణీ ముక్కలు తొట్టి నీళ్ళతోనే జాగ్రత్తగా జాడిస్తాను. మా ఇంట్లో ఇప్పుడు ఎప్పుడూ నీళ్ళు పారుతున్న చప్పుడు. వచ్చినవాళ్ళు హాయిగా ఉందంటారు. మాకు వినబడటం ఎప్పుడో మానేసింది. కరెంటు పోయినప్పుడు మాత్రం అది ఆగుతుంది. అప్పుడు ముగ్గురం చేతిలో ఉన్న పని వదిలేసి, చేప వైపు కాకుండా తలుపు వైపు చూస్తాం.